తిరుపతి ఎండకు ‘బాక్స్‌వుడ్’ బంతులు: ఏది కొనాలి, ఏది వద్దు

తిరుపతి చుట్టుపక్కల ఏ నర్సరీకి వెళ్లినా గేటు దగ్గరే వరసగా పెట్టి ఉంటాయి, నున్నగా గుండ్రంగా కత్తిరించిన పచ్చటి బంతి మొక్కలు. కొన్నిటికి ఒకటే బంతి, కొన్నిటికి కాండం మీద రెండు మూడు అంతస్తులు, ఇంకొన్ని మెలికలు తిరిగి ఉంటాయి. గృహప్రవేశానికి వాకిలికి అటొకటి ఇటొకటి పెట్టుకోవడానికి చాలామంది వీటినే కొంటారు. ఏం మొక్క అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ‘బాక్స్‌వుడ్’. ఆ పేరు మీద నాలుగు రకాల మొక్కలు చేతులు మారుతున్నాయి. నాలుగూ ఎండను తట్టుకునే తీరు వేరు, వేళ్లు పాకే తీరు వేరు, ఎన్నాళ్లకోసారి కత్తెర పడాలన్న లెక్కా వేరు. ఈ సమీక్ష ఆ నాలుగింటి గురించి, వాటితో పాటు అమ్మే కత్తెర, ఇనుప చట్రాల గురించి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు ఊళ్లలో ఉండేవాళ్లకు మాల్పీజియా మంచిది, ఐదుకు నాలుగున్నర. ఫైకస్ పాండాకు మూడున్నర, అదీ కుండీలోనే ఉంచితే. గోల్డెన్ డురాంటాకు మూడు. అది కంచెకు పనికొచ్చే మొక్క, కుండీ బంతికి కాదు. అసలు బాక్స్‌వుడ్‌కు తిరుపతిలో ఒకటిన్నర మించి ఇవ్వలేం. అదే మొక్కను పలమనేరు, మదనపల్లె, హార్స్‌లీ కొండ వైపు పెంచేవాళ్లకైతే మూడు ఇస్తాం. మొక్క మంచిదే, మన ఎండాకాలమే దానికి పడదు.

ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక్క రెమ్మ చాలు. ఆకు తుంచగానే తెల్లటి పాలు కారితే అది ఫైకస్. పాలు లేకుండా, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉండి, అంచున చిన్నచిన్న ముళ్లు చేతికి తగిలితే మాల్పీజియా. ఒకే కొమ్మ మీద కొన్ని ఆకులకు ముళ్లుండి, కొన్ని నున్నగా ఉండటం కూడా దీనిలో మామూలే. పూత మీదుంటే ఇంకా సులువు: లేత గులాబీ కలిసిన తెల్లపూలు, రేకుల అంచు కుచ్చు కుచ్చుగా ఉంటుంది. పలుచటి పసుపు బంగారు రంగు ఆకులైతే డురాంటా. అసలు బాక్స్‌వుడ్ ఆకు పొడవు 1 నుంచి 2.5 సెంటీమీటర్లు, మందంగా, పైన ముదురుపచ్చగా మెరుస్తూ, అడుగున లేత రంగులో ఉంటుంది, కొసన చాలా ఆకులకు చిన్న నొక్కు. లేత కొమ్మను వేళ్ల మధ్య దొర్లించి చూడండి, గుండ్రంగా కాకుండా పలకలు పలకలుగా తగులుతుంది. కొస చిగుళ్లు రాగి ఎరుపులో ఉంటే ఇవేవీ కాదు, యూజీనియా. అదీ మంచి మొక్కే కానీ నీళ్లు ఎక్కువ అడుగుతుంది.

అసలు బాక్స్‌వుడ్ సంగతి ముందు చూద్దాం. ఇది చల్లటి దేశాల పొద. చలికాలంలో కొన్నాళ్లు విశ్రాంతి, వేసవిలో కూడా చల్లగా ఉండే నేల దానికి కావాలి. మంచి వాతావరణంలోనే ఏడాదికి 10, 15 సెంటీమీటర్లు మించి పెరగదు. నెమ్మదిగా పెరగడం వల్లే కత్తిరించిన ఆకారం నెలల తరబడి చెదరదు. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ తోటలో 1690లలో మొదలుపెట్టిన బాక్స్‌వుడ్, యూ (సూదుల్లాంటి ఆకుల చెట్టు) ఆకారాలకు ఇప్పటికీ ఏటా కత్తెర పడుతూనే ఉంది. తిరుపతిలో ఆ ఓపికకు ఫలితం రాదు. దీని వేళ్లు పైపైనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద పెట్టిన నల్ల ప్లాస్టిక్ కుండీ కాలిపోతుంటే ముందు మాడేది ఆ పైవేళ్లే. ఆకు కొస గడ్డి రంగుకు తిరుగుతుంది, తర్వాత ఆకంతా ఇటుక రంగు, తర్వాత ఒక్కో కొమ్మ. మట్టి తడిగానే ఉన్నా మొక్క ఎండుతున్నట్టు కనబడేసరికి ఇంట్లోవాళ్లు ఇంకా నీళ్లు పోస్తారు. దాంతో మిగిలిన వేళ్లు కుళ్లిపోతాయి. ఎండకు దెబ్బతిన్న బాక్స్‌వుడ్‌లు చాలావరకు చివరికి పోయేది ఈ ఎక్కువ నీళ్లతోనే.

అయినా బాక్స్‌వుడ్డే కావాలనుకునేవాళ్లకు ఒక దారి ఉంది. మట్టి కుండీ తీసుకోండి, ప్లాస్టిక్ వద్దు. దాన్ని అంతకన్నా నాలుగు అంగుళాలు పెద్ద కుండీలో దింపి, మధ్య సందులో ఇసుక నింపి ఆ ఇసుకను తడిగా ఉంచండి. పొద్దున ఎండ తొమ్మిదీ పదింటి దాకా తగిలి, తర్వాత గోడ నీడ పడే తూర్పు వైపే దాని చోటు. మార్చి చివరి నుంచి జూన్ మధ్య దాకా 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ తప్పదు. మట్టి మీద మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన వేరుశెనగ పొట్టు పరవండి, కాండానికి మాత్రం ఆనకూడదు. నేల మీద పెట్టే కుండీ అయితే పొట్టు కింద చెదలు చేరాయేమో అప్పుడప్పుడు తీసి చూడాలి. ఇంకొకటి. ఈ మొక్క ఆకు, కొమ్మ అంతా విషమే. కత్తిరించిన చెత్తను ఆవులు తిరిగే వీధి చివర కుప్ప పోయొద్దు.

మాల్పీజియాకు ఈ హంగామా ఏదీ అక్కర్లేదు. వేడి తెలిసిన జాతి, మన మే నెల ఎండలో కూడా నీళ్లు అందితే ఆకు మాడదు. కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బంతి దట్టంగా కడుతుంది. వాన రోజుల్లో ఆరేడు వారాలకోసారి కత్తిరిస్తే సరిపోతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు బాక్స్‌వుడ్‌కూ దీనికీ తేడా తెలియదు. లోపాలు రెండు. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి పెద్ద బంతి ఖరీదు ఎక్కువ. మీటరు ఎత్తు దాటాల్సిన ఆకారాలకు ఇది పనికిరాదు.

ఫైకస్ పాండా బంతి చూడగానే ఆకట్టుకుంటుంది. గుండ్రటి మందపు ఆకులు, మెరుపు, నిండుదనం. చాలా వాటిలో కాండం ఒక రకం, పైన బంతి ఇంకో రకం. అంటు కట్టి అమ్ముతారు. అంటు కింద నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు వేళ్లతోనే గిల్లేయాలి. వదిలేస్తే ఏడాది తిరక్కముందే కింది చెట్టు పైబంతిని మింగేస్తుంది. దీన్ని నేలలో మాత్రం నాటొద్దు. మర్రి, రావి కుటుంబంలోది. నీటి తొట్టి, డ్రైనేజీ గొట్టం, కాంపౌండు గోడ పునాది, ఎక్కడ తడి ఉంటే అక్కడికి వేరు పోతుంది. కుండీలో అయితే రెండేళ్లకోసారి బయటికి తీసి వేళ్లు కోసి మళ్లీ పెట్టాలి. ఆ పని చేయలేనివాళ్లకు ఈ మొక్క వద్దు.

డురాంటా గురించి రెండు మాటలు చాలు. వానాకాలంలో మూడు వారాలకే చిగుళ్లు చిందరవందరగా లేస్తాయి, కత్తెర ఆగితే ఆకారం పోతుంది. పసుపు రంగు కోసం నిండా ఎండ కావాలి, నీడలో ఆకు ఆకుపచ్చ రంగుకు తిరిగిపోతుంది. కాయలు విషం కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో పూత దశలోనే కత్తిరించేయాలి.

ఇక నర్సరీలో ఏం చూడాలి? నర్సరీ అమ్మేది ఈరోజు కనబడే గుండ్రటి ఆకారాన్ని. కొనేవాళ్లు డబ్బు ఇవ్వాల్సింది లోపలున్న కొమ్మలకు, కిందున్న వేళ్లకు. రెండు చేతులూ బంతిలోకి పోనిచ్చి కొమ్మలు విడదీసి చూడండి. పైన ఆకుల పొర ఐదారు సెంటీమీటర్లుండి, లోపల కొమ్మలు చీలి చీలి చిన్న రెమ్మలుగా ఉంటే మంచి బంతి. లోపల నాలుగు ఉత్త పుల్లలుండి, ఆకంతా పైన ఒక్క పొరగా ఉంటే అది తొందరపెట్టి పెంచింది. ఒక మూల ఆకు రాలినా బోసిగా బయటపడుతుంది. తర్వాత మొదలు చూడండి. ఒకే కాండమా, లేక మూడు నాలుగు మొక్కలు ఒకే సంచిలో కుక్కి నిండుగా కనబడేలా చేశారా? అలా కుక్కిన వాటిలో కొన్నాళ్లకు ఒకటి చస్తుంది, బంతిలో పావు భాగం ఎండిపోతుంది, ఆ ఖాళీ మళ్లీ పూడదు. కాండం చుట్టూ కట్టిన తాడో తీగో బెరడులోకి దిగబడి ఉంటే ఆ మొక్కను అక్కడే వదిలేయండి. మూడంతస్తుల మొక్కల్లో ఈ తప్పు తరచుగా కనబడుతుంది, ఎందుకంటే వెదురు పుల్లకు కట్టిన కట్లు ఎవరూ విప్పరు.

కాండం పట్టుకుని కొద్దిగా కదిపితే సంచిలో మట్టితో పాటు కదలాలి. మొక్క ఒక్కటే ఊగుతుంటే నిన్నా మొన్నా సంచి మార్చినట్టు లెక్క. ఆకుల అంచులన్నీ గోధుమ రంగులో తెగి ఉంటే ఈ మధ్యే బాగా కత్తిరించారు, మళ్లీ చిగురు పట్టేదాకా దాని ఆరోగ్యం తేలదు. కొసన లేతాకులున్న, కొంచెం చెదిరినట్టున్న బంతినే తీసుకోవడం మేలు. చీమల బారు కాండం ఎక్కుతుంటే లోపల పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకునే రసం పీల్చే పురుగు) ఉండొచ్చు.

ఇంటికి తెచ్చాక జరిగే అసలు నష్టం మట్టి దగ్గర మొదలవుతుంది. రాజమండ్రి దగ్గరి కడియం నర్సరీల వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దూర ప్రయాణంలో వేళ్లు ఆరిపోకుండా అది కాపాడుతుంది. కానీ ఆ ముద్దను అలాగే తెచ్చి మన ఎర్రమట్టి, ఇసుక కలిపిన కుండీలో పెడితే, పోసిన నీళ్లు ముద్ద పక్కనుంచి జారి అడుగు రంధ్రంలోంచి కారిపోతాయి. ముద్ద లోపల మాత్రం ఎండి గట్టిపడి ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోయింది అనే మాటకు చాలాసార్లు కారణం ఇదే. విరుగుడు సులభం. సంచి చించే ముందు మొక్కను సంచితోనే నీళ్ల బకెట్‌లో ముంచి బుడగలు ఆగేదాకా, సుమారు అరగంట ఉంచండి. తర్వాత ముద్ద పైఅంచూ పక్కలూ వేళ్లతో మెల్లగా రాల్చి, మూడో వంతు బంకమట్టి పోయేలా చేయండి. గుండ్రంగా చుట్టుకున్న వేళ్లుంటే పదునైన చాకుతో నాలుగు వైపులా నిలువుగా, ఒక సెంటీమీటరు లోతున గీయండి.

కుండీ 14 అంగుళాలది తీసుకుంటే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, 100 గ్రాముల వేపపిండి. మొదలు పాత మట్టిలో ఏ ఎత్తున ఉందో ఇక్కడా అంతే ఎత్తున ఉండాలి. పాతిపెడితే మొదలు కుళ్లుతుంది. పైన నాలుగు సెంటీమీటర్ల ఖాళీ వదలండి, లేకపోతే నీళ్లు నిలవవు. మొదటి రెండు వారాలు చెట్టు నీడలో ఉంచి ఆ తర్వాత ఎండకు అలవాటు చేయండి. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పకపోతే గోడ వైపు ఆకు పలుచబడి బంతి ఒంటిపక్కది అవుతుంది. కుండీ కింద పళ్లెం పెట్టొద్దు. అక్టోబరు, నవంబరు తుపాను వానల్లో పళ్లెంలో నిలిచిన నీళ్లు మాల్పీజియా లాంటి గట్టి మొక్కనూ చంపుతాయి.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్న పేటల్లో ఇంకో తంటా ఉంది. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, లేతాకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుప ధాతు లోపం, ఎరువు తక్కువై కాదు. మన వేరుశెనగ, చీనీ (బత్తాయి) రైతులు వాడే మందే దీనికీ మందు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లాలి, వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. దానితో పాటు నెలకోసారి కుండీ పట్టేదానికి రెండింతల నీళ్లు నెమ్మదిగా పోసి ఉప్పును కిందికి కడిగేయాలి. వాననీళ్లు పట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు. యూరియా మాత్రం వేయొద్దు. చిగుళ్లు పొడుగ్గా మెత్తగా లేచి, కత్తెర పనీ పిండినల్లీ రెండూ పెరుగుతాయి. రెండు నెలలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు.

కత్తెర విషయానికి వద్దాం. నర్సరీల్లో, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే హెడ్జ్ కత్తెరల్లో రెండు రకాలు: తిన్నటి అంచు, అలల అంచు. అలల అంచు లావు కొమ్మను జారనివ్వదు కాబట్టి కంచెకు బాగుంటుంది. బంతికి తిన్నటి అంచే కావాలి, అలల అంచు చిన్న ఆకులను నలిపి వదులుతుంది. అంచు 8 అంగుళాలు చాలు. 10 దాటితే చిన్న బంతి వంపు మీద తిరగదు. షాపులోనే వార్తాపత్రిక ఒక్క పొర గాల్లో పట్టుకుని కత్తిరించి చూడండి. మొదటి నుంచి కొస దాకా చిరగకుండా తెగాలి. రెండు అంచులనూ బిగించే బోల్టు నట్టు విప్పేలా ఉండాలి, రివిట్ కొట్టేసిన కత్తెర ఒకసారి వదులైతే మళ్లీ పదునుకు రాదు. పిడుల మధ్య రబ్బరు ఆపు లేనిది కొంటే అరగంటకే మణికట్టు నొప్పి. ఇనుప గొట్టం పిడి కన్నా చెక్క పిడి మన ఎండకు నయం. కరెంటు ట్రిమ్మర్ ఒకటి రెండు కుండీలకు దండగ. ఆకును కోయకుండా చీల్చుతుంది, చీలిన అంచు రెండు రోజుల్లో ఎర్రబడుతుంది.

కత్తిరించే ముందు రోజు మొక్క మీద నీళ్లు చల్లి దుమ్ము కడగండి, దుమ్ము కత్తెర పదును తినేస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక లేదా మబ్బు పట్టిన రోజున మొదలుపెట్టండి. ముందు ఎండు రెమ్మలు లాగేసి, పెన్సిల్ కన్నా లావున్న కొమ్మలుంటే సికేచర్‌తో (కొమ్మలు కోసే చిన్న చేతి కత్తెర) లోపలికంటా కోయండి. తర్వాత నడినెత్తి మీద ఎత్తు ఖాయం చేసుకోండి. అక్కడి నుంచి నడుం దాకా నాలుగు దిక్కులా, పుచ్చకాయ చారల్లాగా, రెండు అంగుళాల వెడల్పున నాలుగు దారులు తీయండి. ఆ నాలుగూ సరిగ్గా వస్తే మధ్యలో మిగిలింది వాటికి సమంగా తీసేయడమే. కత్తెరను మామూలుగా పట్టుకుంటే అంచులు తిన్నగా పోతాయి. బోర్లించి పట్టుకుంటే పిడుల వంపు వల్ల బంతి వంపు వెంట తిరుగుతాయి. కింది సగం మొత్తం అలా బోర్లించే చేయాలి. నాలుగైదు కోతలకోసారి రెండడుగులు వెనక్కి వేసి చూడండి. అడుగును మరీ లోపలికి కోయొద్దు, వెలుతురు అందని ఆకు రాలిపోతుంది. శంకువు ఆకారానికైతే పాదం ఎప్పుడూ పైకన్నా వెడల్పు.

పైపైనే ఎప్పుడూ కత్తిరిస్తూ పోతే ఆకుల పొర గట్టిపడి లోపలికి గాలి, వెలుగు పోవు. అందుకని ఏడాదికి రెండుసార్లు అక్కడొకటి ఇక్కడొకటిగా, అరచేతి పొడవున పది పన్నెండు రెమ్మలు లోపలి నుంచి తీసేయాలి. ఆ సందులు రెండు నెలల్లో కొత్త చిగురుతో పూడుతాయి. కాలం లెక్క కూడా చెప్పాలి. గట్టి కత్తిరింపు జులైలో, వేడి తగ్గి చినుకులు మొదలయ్యాక. ఫిబ్రవరి చివర ఒక తేలిక కత్తిరింపు. ఏప్రిల్ మధ్య నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా కత్తెర ముట్టొద్దు. పైపొర తీసేస్తే ఇన్నాళ్లూ నీడలో ఉన్న లోపలి ఆకు ఒక్క మధ్యాహ్నంలో మాడుతుంది.

ఇంటింటికీ తిరిగే మాలితో నెలవారీగా చేయించుకునేవాళ్లు ఒక్క పని తప్పక అడగండి: కత్తెర అంచులను మీ ఇంట్లో వాడే ముందు స్పిరిట్ గుడ్డతో తుడవమనండి. పక్కింటి పిండినల్లి మీ బంతిలోకి వచ్చే దారుల్లో అదొకటి. పిండినల్లి, పొలుసు పురుగు కనబడితే ముందు నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి, ఆ తర్వాత 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి బంతి లోపలికి తగిలేలా పొద్దుగూకాక చల్లండి. ఫైకస్ ఆకు మధ్యకు మడతపడి ఉంటే విప్పి చూడండి, లోపల నల్లటి సన్నటి తామర పురుగులు కదులుతుంటాయి. మడతలోకి ఏ మందూ పోదు. ఆ ఆకులు ఏరి సంచిలో కట్టి పారేయడమే.

ఇనుప చట్రాలు, అంటే ఏనుగు, నెమలి, శంఖం ఆకారాల్లో అమ్మేవి, చూడ్డానికి బాగుంటాయి కానీ ఓపిక ఉన్నవాళ్లకే. రెడ్ ఆక్సైడ్ పూయని చట్రం రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది. ఏనుగుకు నాలుగు కాళ్లలో నాలుగు మొక్కలు నాటాలి, మధ్యలో ఒకటి నాటి కాళ్లలోకి కొమ్మలు లాగుదామంటే కాళ్లు ఎప్పటికీ నిండవు. చిగురు చట్రం దాటి రెండు మూడు సెంటీమీటర్లు వచ్చాక కొస గిల్లుతూ పోవాలి. కట్టడానికి తీగ వాడకండి, కొబ్బరి పీచు తాడు వాడండి, అదీ ఆరు నెలలకోసారి విప్పి మళ్లీ కట్టండి.

కొనడానికి జులై, ఆగస్టు నెలలు అనువు. మొక్క మీ ఇంటి ఎండకు అలవాటు పడటానికి తొమ్మిది నెలల వ్యవధి దొరుకుతుంది. మార్చి, ఏప్రిల్‌లో గృహప్రవేశం ఉండి బంతులు కావాల్సి వస్తే నర్సరీలో అడిగి అద్దెకు తెచ్చుకోండి, కొన్ని చోట్ల ఇస్తారు. సొంత మొక్కలు వానలు పడ్డాక కొనుక్కోవచ్చు.